ఫ్లెక్స్ ట్రాక్ వంచితే జాయింట్ దగ్గర మోకాలు లేస్తోంది, మూడో బోగీ పడిపోతోంది. ఎవరైనా చెప్పండి

బిట్రగుంట షెడ్డు, పెరుంగుడి, చెన్నై

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడు రాయక తప్పట్లేదు. బొమ్మ రైళ్లు పిల్లాడి పేరు చెప్పి మొదలుపెట్టా గానీ పిచ్చి నాదేనని మా ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

మేడ మీద గదిలో హెచ్‌ఓ స్కేల్ (అసలు రైలులో 87వ వంతు) రైలు లేఅవుట్ ఒకటి కడుతున్నా. మొదట్లో సెట్‌లో వచ్చిన రెడీమేడ్ వంపు ముక్కలే వాడా, 438 మిల్లీమీటర్ల రేడియస్. గూడ్స్ వ్యాగన్లు బాగానే తిరిగాయి గానీ ఐసీఎఫ్ రకం ప్యాసింజర్ బోగీలు ఎక్కించేసరికి మలుపులో బోగీ నడుం లోపలికి, చివర్లు బయటికి తన్నుకొచ్చి చూడ్డానికి అసహ్యంగా ఉంది. అందుకని పెద్ద మలుపు చేద్దామని 610 రేడియస్ అనుకుని, కావాల్సినట్టు వంచుకునే ఫ్లెక్స్ ట్రాక్ తెప్పించా, ఒక్కోటి 914 మిల్లీమీటర్లు, మొత్తం ఆరు. కోడ్ 100 (పట్టా ఎత్తు అంగుళంలో పదో వంతు), ఒక పట్టా బిగుతుగా ఉండి రెండోది స్లీపర్లలో జారే రకం. 8 బై 4 ప్లైవుడ్ షీటు వెడల్పు 1220 మాత్రమే కదా, 610 రేడియస్ పెడితే పట్టాలు సరిగ్గా అంచు మీదకొచ్చి కూర్చుంటాయి, అందుకే రెండు పక్కలా 15 సెంటీమీటర్ల ప్లై ముక్కలు అతికించి వెడల్పు చేశా.

చేసింది ఇదీ. మధ్యలో మేకు కొట్టి దారం కట్టి పెన్సిల్‌తో సగం వృత్తం గీశా. మొదటి ముక్క ఒక చివర్నుంచి వంచుకుంటూ మేకులు కొట్టుకుంటూ పోయా. చివరికొచ్చేసరికి లోపలి పట్టా పాతిక మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చింది, దాన్ని కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించా. తర్వాత జాయినర్లు (పట్టా చివర్లని కలిపే రేకు తొడుగులు) తొడిగి రెండో ముక్క తగిలించి దాన్నీ వంచా. అక్కడే కథ అడ్డం తిరిగింది. జాయింట్ దగ్గర గుండ్రంగా రాకుండా మోకాలు వంచినట్టు ఒక కోణం వస్తోంది. ఎంత నొక్కినా, అటూ ఇటూ మేకులు కొట్టినా, చేయి తీయగానే మళ్లీ అదే. ఇంజన్ దాటేస్తుంది, మొదటి రెండు బోగీలూ దాటేస్తాయి, మూడోది ఖచ్చితంగా కింద. వెనక్కి నెట్టుకుంటూ పోతే మొదటి బోగీయే పడుతుంది.

ఒకాయన హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి వంచమన్నాడు, అది పనిచేస్తుందా? ఇంకోటి, జారే పట్టా లోపలికి పెట్టాలా బయటికి పెట్టాలా? నేను ఒక ముక్క అలా, ఒక ముక్క ఇలా పెట్టేశా, చూసుకోలేదు.

ఇంకో లెక్క కూడా తేలట్లేదు. సగం వృత్తానికి 1916 మిల్లీమీటర్లు కావాలి, రెండు ముక్కలు కలిపితే 1828. ఆ 88 మిల్లీమీటర్ల కోసం మూడో ముక్క కోసి అతికించాలా? అతికిస్తే అక్కడ ఇంకో మోకాలు!


సిల్క్‌బోర్డ్ సిగ్నల్, బెంగళూరు

బ్రదర్, కంగారేం లేదు, ఫ్లెక్స్ ట్రాక్‌తో మొదటి జాయింట్ అందరికీ ఇలాగే ఏడుస్తుంది. నాది అయితే మూడేళ్ల కింద కేఆర్ పురం ఇంట్లో మోకాలు కాదు, ఏకంగా మోచెయ్యి వచ్చింది.

ముందు హెయిర్ డ్రయ్యర్ సంగతి. వద్దు, దాన్ని బాత్రూంలోనే పెట్టెయ్. వెనక్కి లాగుతున్నది ప్లాస్టిక్ కాదు, నికెల్ సిల్వర్ పట్టా. దాని స్ప్రింగు ఆ వేడికి ఏమీ తగ్గదు, మెత్తబడేది స్లీపర్లు మాత్రమే, అప్పుడు గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) కూడా పోతుంది.

మోకాలు ఎందుకొస్తుందంటే, పట్టా మధ్యలో వంగాలంటే దానికి రెండు వైపులా పట్టుకునేది ఏదో ఉండాలి. చివర్న పట్టుకోడానికి ఏమీ లేదు, కాబట్టి ఆఖరి రెండు మూడు సెంటీమీటర్లు నువ్వు ఏం చేసినా తిన్నగానే ఉంటుంది. ఇటు ముక్క చివరా తిన్నగా, అటు ముక్క చివరా తిన్నగా, రెండు తిన్నని చివర్లు ఒక వంపులో కలిస్తే మధ్యలో కోణం రాక ఏమొస్తుంది. జాయినర్ పల్చటి రేకు, అది ఆపలేదు. అందుకే వంచి అతికించకూడదు, అతికించి వంచాలి. తేడా అంతా అక్కడే ఉంది.

రెండు ముక్కల్నీ టేబుల్ మీద తిన్నగా పెట్టు, పక్కన స్టీల్ స్కేల్ ఆనించు. రెండిట్లోనూ జారే పట్టా ఒకే వైపు ఉండాలి, ఇది ముఖ్యం, నువ్వు చేసిన తప్పుల్లో ఇదొకటి. కలిసే చోట ఇటు రెండు, అటు రెండు స్లీపర్లు బ్లేడుతో కోసి తీసి పక్కన డబ్బాలో దాచుకో, పారెయ్యకు. జాయినర్లు తొడిగి, రెండు చివర్లూ ఆనేలా నొక్కి, టంకం పెట్టెయ్. ఆరాక అది నీకు 1828 మిల్లీమీటర్ల ఒకే పట్టా అయిపోతుంది. అప్పుడు వంచు. మోకాలు రావడానికి అక్కడ చివరంటూ లేదు ఇంక.

జారే పట్టా లోపలికే. లోపలి వంపు పొట్టి కాబట్టి అదే బయటికి పొడుచుకొస్తుంది, దానికి జారే వీలుండాలి. ఎంత పొడుచుకొస్తుందో తెలుసుకోడానికి రేడియస్ కూడా అక్కర్లేదు, ఎంత కోణం తిరిగావన్నదే లెక్క. 16.5 గేజ్‌కి 90 డిగ్రీలకి దాదాపు 26 మిల్లీమీటర్లు, సగం వృత్తానికి 52. నీకు ఒక ముక్కకి పాతిక వచ్చింది చూడు, సరిపోయింది.

ఆ కటింగ్ ప్లేయర్‌తో పట్టా కోయకు సామీ. అది రెండు వైపుల్నించీ నలిపి కోస్తుంది, పట్టా తల పిండినట్టయి లోపలికి పొర లేస్తుంది, చక్రం అంచు దాన్నే ఎక్కుతుంది. పట్టాలు కోసే నిప్పర్ వేరే ఉంటుంది, దాని చదును వైపు నువ్వు ఉంచుకునే ముక్క మీద పెట్టి కోయాలి. అది లేకపోతే మినీ డ్రిల్లుకి కటింగ్ డిస్క్ పెట్టుకో, కళ్లజోడు మర్చిపోకు, ఆ డిస్కులు విరిగి ఎగురుతాయి. ఎలా కోసినా సన్న ఆకురాయితో పైన, లోపలి పక్కన, అడుగున ఒకసారి రుద్దు. వేలితో తడిమితే ఏమీ గీరకూడదు.


రిచీ స్ట్రీట్ రాజుగారు, చెన్నై

సిల్క్‌బోర్డ్ గారు చెప్పింది కరెక్టే, టంకం గురించి నాదో మాట. బిట్రగుంట గారూ మీ దగ్గర ఎన్ని వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఉంది? 25 వాట్లది అయితే దాన్ని పట్టాకి ముట్టుకోకండి. చిన్న ఐరన్ అయితే ప్లాస్టిక్‌కి సేఫ్ అనుకుంటారు అందరూ, నిజానికి రివర్సు. చిన్నది పట్టాని వేడెక్కించడానికి అరనిమిషం పడుతుంది, ఆ అరనిమిషంలో వేడంతా పట్టా పొడుగునా పాకి స్లీపర్లు కరుగుతాయి. 60 వాట్లది, చదును మొన ఉన్నది తీసుకుంటే రెండు మూడు సెకన్లలో పని అయిపోతుంది, వేడి పాకే టైమే ఉండదు.

ముందు పట్టా చివర్లనీ జాయినర్‌నీ ఎమరీ పేపర్‌తో మెరిసేలా రుద్దండి, కొద్దిగా ఫ్లక్స్ పేస్టు పూయండి, రోజిన్ రకం, యాసిడ్ రకం కాదు, అది తర్వాత పచ్చగా తుప్పు పట్టిస్తుంది. జాయింట్‌కి రెండు వైపులా స్లీపర్ల మీద తడిపిన టిష్యూ పేపర్ ఉండ పెట్టండి. టంకం బయటి పక్క నుంచి మాత్రమే. లోపలి పక్క చుక్క పడిందంటే చక్రం అంచు దాని మీద ఎక్కి దిగుతుంది. పడితే ఆకురాయితో తీసెయ్యొచ్చు అనుకోండి, కానీ ఎందుకొచ్చిన పని.

మేకుల సంగతి ఎవరూ అనలేదు. స్లీపర్ మధ్యలో మేకు గట్టిగా దిగ్గొడితే స్లీపర్ నడుం కిందికి వంగి రెండు పట్టాలూ లోపలికి వాలతాయి, గేజ్ తగ్గుతుంది. కంటికి కనపడదు, బోగీకి తెలుస్తుంది. మేకు తలకీ స్లీపర్‌కీ మధ్య కాగితం దూరాలి, అంతవరకే. నేను అయితే మేకులే కొట్టను, హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే యాక్రిలిక్ సీలెంట్ పల్చగా పూసి, నోటీస్ బోర్డు పిన్నులతో ఒక రాత్రి పట్టి ఉంచి, పొద్దున పిన్నులు తీసేస్తా. తప్పు వస్తే పల్చటి గరిటె దూర్చి లేపేయొచ్చు. ఫెవికాల్ అయినా పర్లేదు, నీళ్లు పెడితే వదులుతుంది, కానీ మన చెన్నై గాలికి ఆరడానికి యుగం పడుతుంది.


బిట్రగుంట షెడ్డు, పెరుంగుడి

చాలా థాంక్స్ ఇద్దరికీ. నా దగ్గరున్నది 25 వాట్లదే, రాజుగారు ముందే చెప్పుంటే రెండు స్లీపర్లు మిగిలేవి, నిన్న రాత్రే ఒక ప్రయత్నం చేసి చూయింగ్ గమ్‌లా చేసేశా. సరే, ఇవాళ 60ది తెచ్చుకున్నా, టంకం అద్భుతంగా పట్టింది.

కానీ కొత్త గొడవ. 1828 పొడుగు ముక్కని ఎడమ చివర పిన్ను పెట్టి అక్కణ్ణుంచి వంచుకుంటూ వచ్చా. సగం దాకా బాగుంది, జాయింట్ దగ్గరకొచ్చేసరికి లోపలి పట్టా ఇంక జరగనంది. కాస్త బలవంతం చేశా. టప్ మని శబ్దం. చూస్తే టంకం పెట్టిన జాయినర్ వెళ్లి పక్క స్లీపర్‌కి గుద్దుకుని పట్టాని పట్టుకునే చిన్న గోళ్లు మూడు చితికిపోయాయి. ఇప్పుడేం చెయ్యాలి?


సిల్క్‌బోర్డ్ సిగ్నల్, బెంగళూరు

అయ్యో, అది చెప్పడం మర్చిపోయా, సారీ బ్రదర్, పూర్తిగా నాదే తప్పు.

చివర్నుంచి కాదు, నడుం నుంచి మొదలెట్టాలి. జాయింట్‌ని మలుపు సరిగ్గా మధ్యలో, అంటే గీత మీద 90 డిగ్రీల దగ్గర పెట్టి అక్కడ పిన్ను దించెయ్. అక్కణ్ణుంచి ఎడమకి కొంచెం, కుడికి కొంచెం వంచుకుంటూ పో. అప్పుడు జాయింట్ కదలదు, లోపలి పట్టా రెండు చివర్లకీ చెరో పాతిక మిల్లీమీటర్లు పొడుచుకొస్తుంది. చివర్నుంచి వంచితే ఆ జరగాల్సిందంతా జాయింట్ మీదుగానే జరగాలి, జాయినర్ లావు స్లీపర్ గోళ్లలో దూరదు కదా.

ఒకేసారి బలంగా వంచకుండా, బొటనవేళ్లతో పట్టా పొడుగునా నిమిరినట్టు, గోధుమ పిండి సాగదీసినట్టు, నాలుగైదు సార్లు అటూ ఇటూ పోవాలి. పీకో కంపెనీ రకం అయితే వంచినట్టు కాస్త నిలుస్తుంది, అట్లాస్ రకం వదలగానే తిన్నగా అయిపోతుంది, మైక్రో ఇంజనీరింగ్ రకం మొండిది, ఒకసారి వంగితే మళ్లీ తిన్నగా చెయ్యడం కష్టం. నీది స్ప్రింగు రకం కాబట్టి పిన్నులు దగ్గర దగ్గరగా పెట్టుకో. గోళ్లు చితికిన స్లీపర్లు కోసి తీసెయ్, దాచిన స్లీపర్ల గోళ్లు గీకేసి జాయింట్ కింద దూర్చినప్పుడు వీటికి కూడా అలాగే దూర్చు. బ్యాలస్ట్ (కంకర) పోశాక ఎవరికీ తెలీదు.

ఇంక ఆ 88 లెక్క. చెరో వైపు 44 తక్కువ, అంతే కదా. విడిగా ముక్క కోయొద్దు. ఇటూ అటూ వచ్చే తిన్నని ట్రాకు ముక్కలే పొడుగ్గా తీసుకుని వాటి మొదటి 44 మిల్లీమీటర్లు మలుపులోకి రానివ్వు. అక్కడ మోకాలు వస్తుందంటావా, అందుకే మలుపు ఒక్కసారిగా మొదలవ్వకుండా మెల్లగా మొదలయ్యేలా చెయ్యాలి. దాని గురించి మన బాబాయ్ చెప్తే బాగుంటుంది, ఆయన నిజం రైళ్ల మనిషి. బాబాయ్ ఉన్నారా?


పెరంబూర్ బాబాయ్, చెన్నై

ఉన్నా ఉన్నా. మనవరాలు ఫోన్ ఇస్తే గానీ టైపు చెయ్యలేను, ఇప్పుడే దొరికింది.

అబ్బయ్యా, నీ పేరు చూసి ప్రాణం లేచొచ్చింది. మాది కావలి పక్క. చిన్నప్పుడు బిట్రగుంటలో ఆవిరింజన్లు చూసే రైల్వేలో చేరా, ముప్పై ఏళ్లకి పైగా పట్టాలతోనే బతికా. ఇప్పుడు మోకాళ్లు పోయి ఇలా బొమ్మ పట్టాల దగ్గర కూర్చున్నా. నీ పట్టాలకీ మోకాళ్లే అని చదివి నవ్వొచ్చింది.

ముందు ఒక మాట, 610 అంటే పెద్ద మలుపని మురిసిపోకు. మన బ్రాడ్‌గేజ్‌లో 10 డిగ్రీల కంటే ఎక్కువ వంపు పెట్టకూడదని రూలు, అంటే రేడియస్ 175 మీటర్లు. 1750ని డిగ్రీలతో భాగిస్తే రేడియస్ మీటర్లలో వస్తుంది, 1750 బై 10. దాన్ని నీ స్కేల్‌కి 87తో భాగించు, రెండు మీటర్లు. అసలు బ్రాడ్‌గేజ్‌లో అన్నిటికంటే గట్టి మలుపే నీ మేడ గదిలో రెండు మీటర్ల రేడియస్! కాబట్టి మనం చేసేదంతా మోసమే, ఆ మోసం అందంగా చెయ్యాలి.

మలుపు మెల్లగా మొదలవడాన్ని ట్రాన్సిషన్ అంటాం. నిజం లైన్లో క్యూబిక్ పరబోలా లెక్కతో వేస్తాం, నీకు అంత అక్కర్లేదు. నీ తిన్నటి గీతని మలుపు వృత్తాన్ని తాకేలా కాకుండా 6 మిల్లీమీటర్లు బయటికి జరిపి గీయి. మలుపు మొదలయ్యే చోటి నుంచి 15 సెంటీమీటర్లు ఇటు, 15 అటు గుర్తు పెట్టు. ఇటు గుర్తు తిన్నటి గీత మీద, అటు గుర్తు వృత్తం మీద ఉంటుంది. కార్పెంటర్లు వాడే సన్న చెక్క బీడింగు ఒకటి తెచ్చి, ఒక సగం తిన్నటి గీత మీద మేకులతో కదలకుండా పెట్టి, రెండో సగాన్ని వృత్తం మీదికి వంచు. మధ్యలో ఆ 30 సెంటీమీటర్లు అది తనంతట తను ఎలా వంగుతుందో అలా వదిలెయ్, దాని పక్కన పెన్సిల్ పెట్టి గీసెయ్. చెక్కకి నీకంటే నాకంటే బాగా తెలుసు ఎలా వంగాలో. నీ జాయింట్లు ఈ మెత్తటి భాగంలో పడతాయి, అక్కడ వంపు తక్కువ కాబట్టి మోకాలు రాదు.

ఇంకోటి, దారంతో వృత్తం గీశానన్నావు. దారం సాగుతుంది అబ్బయ్యా. చెక్క పట్టీకి 610 దూరంలో రెండు చిల్లులు పెట్టి ఒకదాంట్లో మేకు, ఒకదాంట్లో పెన్సిల్ పెట్టి గీయి.

మరి వంపు సరిగా వచ్చిందో లేదో కంటితో చూస్తే తెలీదు, మేము వెర్సైన్ కొలుస్తాం. ఇరవై మీటర్ల దారం పట్టాకి ఆనించి లాగి పట్టుకుని మధ్యలో ఎంత ఖాళీ ఉందో స్కేలుతో చూస్తాం. ఎండలో, రాళ్ల మీద మోకాళ్లూని, ఒకడు అటు చివర, ఒకడు ఇటు చివర, నేను మధ్యలో. వెయ్యి సార్లు చేసుంటా. నువ్వు ఇంట్లో పాత పెళ్లి శుభలేఖ అట్ట తీసి సరిగ్గా 15 సెంటీమీటర్ల పొడుగు పట్టీ కోసుకో. స్టీల్ స్కేల్ వద్దు, దానికి పదిహేను తర్వాత కొంచెం ఎక్స్‌ట్రా ఉంటుంది. ఆ అట్ట రెండు చివర్లూ బయటి పట్టా లోపలి అంచుకి ఆనించి, మధ్యలో అట్టకీ పట్టాకీ ఖాళీ కొలు. 610 రేడియస్‌కి నాలుగున్నర మిల్లీమీటర్లు రావాలి. పది సెంటీమీటర్లకి ఒకసారి కొలిచి కాగితం మీద వరసగా రాసుకో. 4.5, 4.5, 5, 4 అలా ఉంటే బాగున్నట్టే. 3, 7, 3 అని వచ్చిందా, ఆ 7 దగ్గర మోకాలు ఉంది. అంకె ఎంత అనేది కాదు చూడాల్సింది, పక్క అంకెతో పోలిస్తే ఎంత ఎగిరిందనేది.


రెడ్ సిగ్నల్ రమణ, బెంగళూరు

బాబాయ్ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

నాకు ఒక డౌట్, అన్ని జాయింట్లూ టంకం పెట్టేస్తే ఎండాకాలం పట్టాలు సాగి పైకి లేవవా? మా ఊళ్లో పర్లేదు గానీ చెన్నై మేడ మీద గదంటే మేలో పొయ్యే కదా.


రిచీ స్ట్రీట్ రాజుగారు, చెన్నై

రమణ గారూ మంచి ప్రశ్న, దీని మీద నాకూ సిల్క్‌బోర్డ్ గారికీ ఎప్పుడూ గొడవే. నికెల్ సిల్వర్ సాగేది తక్కువే, 4 మీటర్ల పట్టాకి 20 డిగ్రీలు పెరిగితే మిల్లీమీటరు పైచిలుకు. చెన్నైలో అసలు దొంగ ఎండ కాదు, తేమ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ప్లైవుడ్డూ చెక్క ఫ్రేమూ తేమ పీల్చి ఉబ్బుతాయి, వేసవిలో ముడుచుకుంటాయి. చెక్క ముడుచుకున్నప్పుడు పట్టా ముడుచుకోదు, అప్పుడు లేస్తుంది. కాబట్టి మలుపులో ఉన్న జాయింట్లు మాత్రం టంకం, తిన్నటి లైన్లో జాయింట్లు వదులుగా, అరమిల్లీమీటరు ఖాళీతో. వదిలేసిన చోట ప్రతి ముక్కకీ విడిగా కరెంటు వైర్లు ఇవ్వాలి, జాయినర్ రేకుని నమ్ముకుంటే ఆరు నెలల్లో నల్లబడి ఇంజన్ ఆగుతుంది. ప్లైకి పైనా కిందా, ముఖ్యంగా కోసిన అంచులకి, ప్రైమరో పెయింటో కొట్టేయండి.


సిల్క్‌బోర్డ్ సిగ్నల్, బెంగళూరు

గొడవ ఏం లేదు రాజుగారూ, మీరు చెప్పిందే నేనూ చేస్తున్నా, ఒప్పుకోవడానికి మనసొప్పట్లేదంతే.

బిట్రగుంట బ్రదర్, బోగీ పొడుగు కూడా చూసుకో. ఐసీఎఫ్ బోగీ 21.337 మీటర్లు, హెచ్‌ఓలో దాదాపు 245 మిల్లీమీటర్లు. రేడియస్ బోగీ పొడుగుకి రెండున్నర రెట్లుంటే చాలావరకు పడకుండా నడుస్తుంది, అది 612, నువ్వు సరిగ్గా ఆ అంచు మీదున్నావు. మూడు రెట్లయితే హాయి, 735. కొత్త రకం ఎల్‌హెచ్‌బీ బోగీలు కొంటే ఇంకా పొడుగు, 270 దాటుతుంది. ఈ మలుపులో ఐసీఎఫ్‌తోనే సరిపెట్టుకో.


బిట్రగుంట షెడ్డు, పెరుంగుడి

పది రోజుల తర్వాత అప్‌డేట్. ఆఫీసు, ఇంట్లో పెళ్లి, మధ్యలో రెండు రోజులు కరెంటు లేదు, అందుకే లేటు.

మొత్తం పీకేసి కొత్తగా వేశా. చెక్క పట్టీతో వృత్తం గీస్తే తెలిసింది, నా పాత దారం గీత ఒక చోట 604, ఇంకో చోట 617 ఉంది! తిన్నటి గీత 6 మిల్లీమీటర్లు జరిపి బీడింగు వంచా. బాబాయ్, ఆ చెక్క వంగిన తీరు చూసి మా అబ్బాయి కూడా ఐదు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టాడు. జాయింట్‌ని నడిమధ్యలో పిన్ను పెట్టి రెండు వైపులా నిమురుకుంటూ వంచా. ఎడమ 24, కుడి 25 మిల్లీమీటర్లు పొడుచుకొచ్చింది. మోకాలు లేదు. వేలితో తడిమినా జాయింట్ ఎక్కడో తెలియట్లేదు.

మా చెల్లి పెళ్లి శుభలేఖ కోసి కొలిచా. ఎక్కువ మిగిలిపోయాయి లెండి, ఎవరూ ఏమనలేదు. అంకెలు ఇవీ, మధ్యలో ఒకేలా వచ్చినవి కొన్ని వదిలేశా: 1.5, 3, 4.5, 4.5, 4.5, 5, 4.5, 4, 4.5, 4.5, 4.5, 3, 1. మొదట్లో చివర్లో తగ్గడం ట్రాన్సిషనే కదా?

కానీ. మూడో బోగీ ఇంకా పడుతోంది. ఈసారి జాయింట్ దగ్గర కాదు, ఎడమ వైపు, మూడో అంకె దగ్గర. వంపు చూస్తే నున్నగా ఉంది. ఎందుకో అర్థం కావట్లేదు, బోగీ చక్రాలు కూడా మార్చి చూశా.


పెరంబూర్ బాబాయ్, చెన్నై

అంకెలు బ్రహ్మాండం. మా ఇన్‌స్పెక్షన్లో చూపిస్తే సంతకం పెట్టేవాళ్లు.

వంపు బాగుండి పడుతోందంటే ఎత్తు చూడాలి. నువ్వు మొదట్లో ఒక మాట రాశావు, ప్లై పక్కన 15 సెంటీమీటర్ల ముక్క అతికించానని. మలుపు షీటు మీద నుంచి ఆ ముక్క మీదికి ఎక్కేది ఎక్కడ? నువ్వు చెప్పిన చోటేనా? ఒక పట్టా షీటు మీద, ఒక పట్టా ముక్క మీద ఉండి, రెండిట్లో ఒకటి కొంచెం ఎత్తుగా ఉంటే ట్రాకు మెలి తిరుగుతుంది, దాన్ని ట్విస్ట్ అంటాం. బోగీ నాలుగు మూలల్లో ఒక మూల చక్రం గాల్లో తేలుతుంది, అది మలుపు కూడా అయితే ఇంక పట్టా దిగడమే. నిజం లైన్లో కూడా వంపు కంటే దీనికే ఎక్కువ భయపడతాం మేము.

ఒక గాజు ముక్కో, స్టీల్ స్కేలో అడ్డంగా రెండు పట్టాల మీదా పెట్టి పొడుగునా జరుపుతూ పక్కనుంచి కంటితో చూడు. ఎక్కడ వాలిందో అక్కడ కనపడుతుంది.


బిట్రగుంట షెడ్డు, పెరుంగుడి

బాబాయ్ మీకు దండం. అతుకు దగ్గర ముక్క షీటు కన్నా మిల్లీమీటరు ఎత్తుంది. ఆ ముక్క షాపులో వేరే షీటులోంచి కోసిచ్చాడు, రెండూ 12 మిల్లీమీటర్లనే ఇచ్చాడు గానీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటి మందం ఒకటి కాదు, నేను చూసుకోలేదు. సీలెంట్ ఇంకా పచ్చిగా ఉంది కాబట్టి అక్కడ 30 సెంటీమీటర్లు గరిటెతో లేపి, అతుకుని ఎమరీ చెక్కతో రుద్దితే పొడి దుమ్ము గదంతా నిండింది, ఆ తర్వాత ఇంకా మిగిలిన లోతుకి రెండు పొరల అట్ట ముక్క వేశా. మళ్లీ పిన్నులు పెట్టి ఒక రాత్రి వదిలా.

ఇవాళ సాయంత్రం ఇంజన్‌కి ఐదు బోగీలు తగిలించి గంటసేపు తిప్పా. ఒక్కటీ పడలేదు. వెనక్కి నెట్టినా పడలేదు. మా ఆవిడ వచ్చి ఒక రౌండు చూసి, మరి స్టేషన్ ఎప్పుడు కడతావు అంది.

ఇంక చిన్న ప్రశ్న. కోసిన లోపలి పట్టా ముక్కలు, పాతిక మిల్లీమీటర్లవి, పాతవీ కొత్తవీ కలిపి ఏడెనిమిది మిగిలాయి. పారేయాలంటే మనసు రావట్లేదు.


పెరంబూర్ బాబాయ్, చెన్నై

పారేస్తావా! తుప్పు రంగు వేసి మలుపు బయట లైను పక్కనే స్లీపర్ ముక్కల మీద రెండో మూడో పేర్చి పెట్టు. అసలు లైన్లో పట్టా విరిగితే వెంటనే వెయ్యడానికి అలాగే పక్కన పెట్టి ఉంచుతాం. కొంచెం వంకరగా పడేసినట్టు పెట్టు, మరీ తీరుగా పెడితే మా వాళ్లు పెట్టారంటే ఎవరూ నమ్మరు.